వాషింగ్టన్ స్పై మ్యూజియం: మా వయసోళ్లు టికెట్ పెట్టి చూసేంత ఉందా?

తంతి_తపాలా

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, రిటైరైనాక తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉండాం. వచ్చే నెల నేనూ మా ఆవిడా అమెరికా పోతా ఉండాం, కూతురూ అల్లుడూ వర్జీనియాలో ఉంటారు, మనవడికి పదేళ్లు. వాడు ఫోన్ చేసినప్పుడంతా తాతా నువ్వొస్తే స్పై మ్యూజియం పోదాం అని ఒకటే పోరు. అల్లుడేమో వాషింగ్టన్‌లో పెద్ద పెద్ద మ్యూజియాలన్నీ ఫ్రీ గదా మామయ్యా, స్మిత్‌సోనియన్ వాళ్లవి ఎన్ని చూసినా పైసా తీసుకోరు, దీనికి మాత్రం తలకింత అని టికెట్ అంటాడు. అట్లని వద్దనడు, డబ్బులు కూడా ఆయనే పెడతాడు, కానీ నేను డాలరు కనిపిస్తే చాలు రూపాయల్లోకి మార్చి చూసుకునే రకం, అయిదు మందికి లెక్కేస్తే గుండె గుభేలుమంటా ఉంది.

నా డౌటు ఏమంటే అది సినిమా టైపు బొమ్మల కొలువా, లేక నిజంగా చరిత్ర ఏమన్నా ఉందా? పెన్నులో తుపాకీ, బూటులో ఫోను, ఇవి చూసి ఆ అని నోరు తెరిచే వయసు కాదు నాది. ఇంకోటి నా మోకాళ్లు. ఎంతసేపు నిలబడాల?

ఒక మాట చెప్పాల, నేను 1979లో టెలిగ్రాఫిస్టుగా చేరినోణ్ణి, మోర్స్ కీ మీద చేయి తిరిగినోణ్ణి. తర్వాత టెలిప్రింటర్లు వచ్చినాయి, కంప్యూటర్లు వచ్చినాయి, 2013 జూలైలో టెలిగ్రామే మూసేసినారు. రహస్య సందేశాలు, కోడ్లు అంటే అందుకే కొంచెం ఆశ. లేకపోతే మనవడికి ఒక సినిమా చూపించి సరిపెట్టేస్తా. చూసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండప్పా.

మదనపల్లె_టొమాటో

నమస్తే అంకుల్, మాది మదనపల్లె, ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లు, ఆ మ్యూజియానికి రెండుసార్లు పోయినా. ముందు మోకాళ్ల సంగతి చెప్తా ఎందుకంటే మా అమ్మానాన్నలను తీసుకుపోయినప్పుడు నాకూ అదే టెన్షన్. ఇది 2002లో ఇంకో చోట మొదలైంది, 2019లో లాన్‌ఫాంట్ ప్లాజాలో కొత్త బిల్డింగ్ కట్టుకుని మారినారు, మెట్రో స్టేషన్ పేరు కూడా అదే, దిగితే కొంచెం నడక. లోపల లిఫ్టులో పైకి తీసుకుపోతారు, అక్కణ్ణించి చూసుకుంటా కిందికి రావడమే, మెట్లెక్కే పని లేదు. కానీ తీరిగ్గా చూస్తే మూడు గంటలు ఈజీగా పడతాయి, కూర్చునే చోటు కనిపిస్తే వదలొద్దు. టికెట్లు టైం స్లాట్ ప్రకారం ఇస్తారు, ఆన్‌లైన్లో ముందే తీసుకోండి, శని ఆదివారాలు మాత్రం వద్దు సామీ, పిల్లల గోలకు మనం స్పైలం కాదు బలిపశువులం.

లోపలికి పోతానే మనకు ఒక బ్యాడ్జి ఇస్తారు, అందులో మనకొక దొంగ పేరు, దొంగ ఊరు, దొంగ ఉద్యోగం ఉంటాయి. అవి గుర్తు పెట్టుకోవాల, మధ్య మధ్యలో మిషన్లు పెట్టి ఉంటారు, వాటికి బ్యాడ్జి చూపిస్తే పరీక్షలు పెడతాయి. మీ మనవడు దానికే పడిపోతాడు. మా నాన్నయితే సీరియస్‌గా బట్టీ కొట్టినాడు, ఎస్సెస్సీకి కూడా అంత చదివి ఉండడు.

బొమ్మల కొలువా అంటే, కొంత ఉంది, అబద్ధం ఎందుకు. లిప్‌స్టిక్‌లో దాచిన తుపాకీ, కేజీబీ (అప్పటి రష్యా గూఢచారి సంస్థ) వాళ్లది, దాని ముందర అందరూ సెల్ఫీలే. గొడుగు కూడా ఉంది, అంటే నకలు. 1978లో లండన్‌లో జార్జి మార్కోవ్ అని బల్గేరియా నుంచి పారిపోయి వచ్చిన రచయిత బస్టాపులో నిలబడి ఉంటే తొడలో చురుక్కుమంది, నాలుగు రోజుల్లో పోయినాడు. పోస్టుమార్టంలో గుండుసూది తలకాయంత గుండు దొరికింది, రిసిన్ విషం అన్నారు. రిసిన్ అంటే ఏమనుకున్నారు, మన ఆముదం గింజల్లో ఉండేదే. మా అమ్మ అది విని ఛీ ఛీ అని మ్యూజియం అయిపోయేవరకు గొణుగుతానే ఉంది, చిన్నప్పుడు మాకు ఆముదం తాగించిన చేయి గదా.

నకలు కాని అసలు వస్తువులు కూడా ఉన్నాయి. రష్యా విప్లవ నాయకుడు ట్రాట్స్కీని 1940లో మెక్సికోలో చంపిన మంచుగొడ్డలి ఉంది, అసలుదే. దాన్ని ఒకరు ఏళ్ల తరబడి మంచం కింద పెట్టుకున్నారంట. పావురం రొమ్ముకు కట్టే చిన్న కెమెరా కూడా ఉంటుంది, జర్మనీలో ఒక మందుల షాపాయన 1907లో కనిపెట్టినాడు.

నాకు మాత్రం ఎక్కువ పట్టింది బెర్లిన్ సొరంగం కథ. అమెరికా, బ్రిటన్ కలిసి 1954-55లో తూర్పు బెర్లిన్ కిందికి దాదాపు అర కిలోమీటరు సొరంగం తవ్వి రష్యా మిలిటరీ ఫోన్ లైన్లకు తీగలు తగిలించినారు. తమాషా ఏమంటే పార కూడా ఎత్తకముందే రష్యా వాళ్లకు తెలుసు, బ్రిటిష్ ఆఫీసర్ జార్జ్ బ్లేక్ వాళ్ల మనిషే. తెలిసి కూడా పదకొండు నెలలు నోరు మూసుకుని వాళ్ల ఫోన్లు వాళ్లే విననిచ్చినారు, ఎందుకు, వెంటనే పట్టుకుంటే బ్లేక్ మీద అనుమానం వస్తుందని! ఒక మనిషి కోసం మిలిటరీ మాటలన్నీ ధారపోసినారు.

ఇంటరాగేషన్ గురించి ఒక భాగం ఉంటుంది, చిత్రహింసల విషయం, పిల్లోడితో పోయేటప్పుడు అక్కడ ఆగకుండా దాటిపోండి.

ఫ్రీదే_మేలు

పై అక్క చెప్పింది కరెక్టే కానీ నేనైతే ఆ డబ్బులు పెట్టను. మేరీల్యాండ్‌లో ఫోర్ట్ మీడ్ దగ్గర నేషనల్ క్రిప్టోలాజిక్ మ్యూజియం అని ఉంది, అంటే కోడ్ల మ్యూజియం, అమెరికా వాళ్ల ఎన్ఎస్ఏ (పరాయి దేశాల సందేశాలు చాటుగా వినే సంస్థ) ఆఫీసు పక్కనే, పైసా టికెట్ లేదు. అన్నిటికన్నా పెద్ద జోకు ఆ బిల్డింగే. అది మొదట ఒక మోటెల్, మన భాషలో హైవే మీద లాడ్జి. ఎన్ఎస్ఏ ఆఫీసుకు మరీ దగ్గర, ఎవరు రూమ్ తీసుకుని కిటికీలోంచి ఏం చూస్తారో అని వాళ్లే కొనేసి 1993లో మ్యూజియం చేసి పెట్టినారు. కంచె బయటే ఉంటుంది, ఎవరైనా పోవచ్చు.

అక్కడ ఎనిగ్మా మిషన్ అద్దం వెనక కాదు, నేను పోయినప్పుడు (కరోనాకు ముందు) టేబుల్ మీద పెట్టి నొక్కి చూసుకోమన్నారు. జర్మనీ వాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో సందేశాలను కోడ్‌గా మార్చడానికి వాడింది, ఒక అక్షరం నొక్కితే ఇంకో అక్షరం మీద లైటు వెలుగుతుంది, మళ్లీ అదే నొక్కితే ఈసారి వేరేది, ఎందుకంటే లోపల చక్రాలు తిరుగుతాయి. దాని బలహీనత ఒక్కటే, ఏ అక్షరమూ మళ్లీ అదే అక్షరంగా రాదు. A నొక్కితే A తప్ప ఏదన్నా వస్తుంది. ఈ చిన్న ఓటి, పైగా రోజూ ఒకే మూసలో పంపే వాతావరణ రిపోర్టులు, వీటిని పట్టుకునే బ్రిటన్‌లో బ్లెచ్లీ పార్క్ అనే చోట కోడ్లు విప్పేవాళ్లు గుట్టు లాగినారు. వాళ్లకన్నా ముందు 1932లోనే పోలండ్ లెక్కల కుర్రాళ్లు విప్పినారు, ఆ పేరు మాత్రం అందరూ మింగేస్తారు.

ఇంకోటి, అమెరికా రాజముద్ర చెక్క పలక, అక్కడుండేది నకలు. 1945లో మాస్కోలో స్కూలు పిల్లలు అమెరికా రాయబారికి బహుమతిగా ఇచ్చినారు, ఆయన ముచ్చటపడి ఇంట్లో గోడకు తగిలించుకున్నాడు. ఏడేళ్లు! 1952లో తెలిసింది లోపల మైకు ఉందని. బ్యాటరీ లేదు, వైరు లేదు, బయటినించి రేడియో తరంగం కొడితేనే ప్రాణం వస్తుంది, లేకపోతే ఉత్త చెక్క, అందుకే ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. చేసింది థెరమిన్, చేయి తగలకుండా వాయించే వాద్యం కనిపెట్టిన ఆయన. సినిమా గ్యాడ్జెట్లు దీని ముందు దండగ.

ఒక్కటే ఇబ్బంది, మెట్రో దగ్గర్లో లేదు, కారు కావాల. ఏయే రోజులు తెరుస్తారో చూసుకుని మీ అల్లుణ్ణి లీవు పెట్టమనండి.

తంతి_తపాలా

చాలా థాంక్సమ్మా, బాబూ. ఆముదం సంగతి మా ఆవిడకు చదివి వినిపిస్తే ఆ మ్యూజియానికి నేను రానే రాను అంటా ఉంది.

మూసలో పంపే రిపోర్టులు అంటే నవ్వొచ్చింది, మా దగ్గర కూడా గ్రీటింగ్ టెలిగ్రాములకు నంబర్లు ఉండేవి, పెళ్లికి ఒకటి, దీపావళికి ఒకటి, మేము నంబరే కొట్టేవాళ్లం, అవతలాయన పూర్తి వాక్యం రాసి ఇచ్చేవాడు. తెల్లారినుంచి ముహూర్తాల సీజన్లో ఒకటే నంబరు వందసార్లు.

ఒకటి అడుగుతా. మోర్స్ కొట్టే మనిషిని చేతిని బట్టి గుర్తుపట్టొచ్చు, ఇది మాకు అందరికీ తెలుసు. అవతల ఆఫీసులో కీ మీద ఎవరు కూర్చున్నారో రెండు మాటలు వింటే చెప్పేస్తా, ఒకాయన గీతను సాగదీస్తాడు, ఒకాయన చుక్కలు మింగేస్తాడు. గూఢచారుల్లో మోర్స్ కొట్టేవాళ్లకు ఇది ప్రమాదం గదా? శత్రువు కూడా గుర్తుపడతాడు గదా?

పుత్తూరు_మాస్టారు

సార్, మీరు అడిగినదానికి నూర్ ఇనాయత్ ఖాన్ కథే జవాబు, పైగా ఆ కథ తిరిగి తిరిగి మన చిత్తూరుకే వస్తుంది చూడండి, నేను సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి కొంచెం సాగుతుంది, ఓపిక పట్టండి.

నూర్ టిప్పు సుల్తాన్ వంశం పిల్ల. తండ్రి సూఫీ గురువు, సంగీత విద్వాంసుడు, తల్లి అమెరికా ఆమె, పెరిగింది పారిస్‌లో, పిల్లల కథలు రాసుకునేది. యుద్ధం వచ్చినాక బ్రిటన్ ఎస్ఓఈ అనే రహస్య సంస్థ ఆమెను 1943 జూన్‌లో ఫ్రాన్స్‌లో దింపింది, జర్మన్ల ఆక్రమణలో ఉండే ఫ్రాన్స్‌కు వాళ్లు పంపిన మొదటి ఆడ వైర్‌లెస్ ఆపరేటర్ ఈమే. ఆ ఆపరేటర్లు ఆరు వారాలు దొరక్కుండా ఉంటే గొప్ప అనేవాళ్లంట. సెట్టు సూట్‌కేసులో, అప్పటి ఒక రకం సెట్టు 15 కిలోలు తూగేది, అది మోసుకుంటా ఇల్లు ఇల్లు మారాల, ఎక్కువసేపు కొడితే జర్మన్ల బండ్లు సిగ్నల్ పట్టుకుంటా వీధిలోకి వచ్చేస్తాయి. మీరు చెప్పిన చేతి గుర్తు సంగతి, ఆమెది బరువు చేయి, చలికి వేళ్లు వాచి ఉండేవి, కీ మీద దబదబా కొట్టేదని ట్రైనింగులోనే పేరు పెట్టినారు. లండన్‌లో వినేవాళ్లకు ఆ చేయే గుర్తు, సంతకం లాంటిది. మరి ఆమె దొరికినాక ఏమైంది? పంపిన సందేశాలన్నీ నోటుపుస్తకంలో రాసి దాచుకుని ఉండింది, అది జర్మన్ల చేతికి చిక్కింది, దాంతో ఆమె పేరు మీద వాళ్లే సందేశాలు కొట్టినారు, లండన్ చాలా రోజులు నమ్మింది. ఆ నమ్మకం మీద కొత్తగా పంపిన వాళ్లు నేరుగా జర్మన్ల చేతుల్లో దిగినారు. చేయి గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు సార్, అనుమానం వచ్చినా ఒప్పుకునే పైఅధికారే లేడు. ఆమె మాత్రం విచారణలో నోరు విప్పలేదు. 1944 సెప్టెంబర్ 13న జర్మనీలో డకావ్ నిర్బంధ శిబిరంలో కాల్చేసినారు, అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. 1949లో బ్రిటన్ వాళ్ల పెద్ద సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చినారు.

ఇప్పుడు చిత్తూరు. టిప్పు తండ్రి హైదర్ అలీ ఎక్కడ పోయినాడు? మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, దండు దిగిన చోట, 1782 డిసెంబర్‌లో, వీపు మీద రాచపుండు లేచి. టిప్పు అప్పుడు ఎక్కడో మలబారులో యుద్ధంలో ఉన్నాడు. రాజు పోయినాడని తెలిస్తే దండు చెదిరిపోతుంది, ఇంగ్లీషు వాళ్లు మీద పడతారు, అందుకని పూర్ణయ్య, కృష్ణారావు లాంటి నమ్మకస్తులు చావును దాచిపెట్టినారు. శవాన్ని పెట్టెలో పెట్టి ఖజానా పోతా ఉంది అన్నట్టు కోలారుకు పంపించేసి, ఇక్కడ మాత్రం రాజుగారికి ఒంట్లో బాగాలేదు అని తెరలు వేసిన పల్లకీతో దండును నడిపించినారు. టిప్పు వచ్చి చేరేవరకు అట్లనే. మనం ఆ రోడ్డు మీద బస్సుల్లో వేలసార్లు తిరిగి ఉంటాం, ఒక్కసారన్నా అనుకున్నామా? ఆ రహస్యం దాచిన ఇంటి పిల్ల నూటయాభై ఏళ్లు దాటినాక పారిస్‌లో ఇంకో రహస్యం దాచి చచ్చిపోయింది.

తిరుపతి వాళ్లకు ఇంకొకటి చెప్పి ఆపేస్తా. జపమాలకు ఎన్ని పూసలు? 108. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు టిబెట్‌కు పంపిన నైన్ సింగ్ రావత్ మాలకు మాత్రం 100! అప్పుడు టిబెట్‌లోకి తెల్లవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు, అందుకని కుమావూ కొండల స్కూలు పంతులుకు డెహ్రాడూన్‌లో ట్రైనింగ్ ఇచ్చి పంపినారు. నూరు అంగలకు ఒక పూస, మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అంగలు, మైలుకు రెండువేల అంగలు పడేట్టు నడక అలవాటు చేసినారు. ప్రార్థన చక్రంలో మంత్రాలు రాసిన కాగితం బదులు లెక్కలు, చేతికర్రలో థర్మామీటరు, నీళ్లు ఎంత వేడికి మరుగుతాయో చూసి ఎత్తు కట్టేవాడు. 1866లో లాసా చేరినాడు. దారిలో ఎవరన్నా పలకరించబోతే జపంలో ఉన్నాను అన్నట్టు పెదాలు కదిలించడమే. నాకైతే లిప్‌స్టిక్ తుపాకీ కన్నా ఈ ఎనిమిది పూసల తేడానే అసలు గూఢచర్యం.

బెర్లిన్‌లో_ఉప్మా

మాస్టారూ దండం. నేను తిరుపతి కుర్రాణ్ణే, ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా. అంకుల్ మీరు ఎప్పుడన్నా ఇటొస్తే స్టాసీ మ్యూజియం చూడండి, తూర్పు జర్మనీ సీక్రెట్ పోలీసుల హెడ్డాఫీసే మ్యూజియం అయింది, 1990 జనవరిలో జనం గేట్లు తోసుకుని లోపలికి దూరినారు కదా, ఆ బిల్డింగే. మంత్రి మీల్కే కుర్చీ, టేబులు, ఫోన్లు అట్లనే ఉన్నాయి. పూలకుండీలకు నీళ్లు పోసే డబ్బాలో కెమెరా, చెట్టు మొద్దులో కెమెరా. మనుషుల వాసన పట్టిన గుడ్డ ముక్కలు గాజు సీసాలో పెట్టి మూత బిగించి దాచినారు, కుక్కకు వాసన చూపించడానికి! ఉద్యోగులు 91 వేల మంది, ఇన్ఫార్మర్లు ఇంకో లక్షా డెబ్భై వేల పైనే, దేశ జనాభా చూస్తే కోటీ అరవై లక్షలు. పక్కింటాయన, కొలీగ్, కొన్నిచోట్ల మొగుడే పెళ్లాం మీద రిపోర్ట్ రాసినాడు. మా వీధిలో వరండాలో కూర్చుని ఎవరింటికి ఎవరొచ్చినారో చెప్పే అవ్వ గుర్తొచ్చింది, కాకపోతే ఆమె ఫ్రీ సర్వీసు, ఫైలు పెట్టేది కాదు.

రేణిగుంట_నేవీ

తంతి అన్నకు సెల్యూట్. నేను నేవీలో సిగ్నల్స్‌లో చేసినా, వైజాగ్‌లో చాలా ఏళ్లు. మీ టెలిగ్రామే గూఢచర్యం చేసిన కథ ఉంది, మీకు చెప్పకపోతే పాపం.

1971 యుద్ధం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచాలని బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను ఎక్కడో అండమాన్ల వైపు దాచి, అది వైజాగ్‌లోనే ఉంది అని నమ్మించాల. తూర్పు నేవీ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేసినాడు, వైజాగ్‌లో విక్రాంత్ పేరు మీద కుప్పలు కుప్పలు రేషన్ ఆర్డరు పెట్టించినాడు, అంగట్లో మాట బయటికి పోతుంది గదా. రాజ్‌పుత్ అనే పాత నౌకను బయటికి పంపి నువ్వే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో మాట్లాడు అన్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు. కోడ్ లేకుండా మామూలు భాషలో ఒక సొంత టెలిగ్రాం పంపించినారు, విక్రాంత్‌లో పనిచేసే ఒక నావికుడు మా అమ్మకు సీరియస్‌గా ఉందంట, ఎట్లుంది అని అడుగుతున్నట్టు! వినేవాడికి ఏమనిపిస్తుంది, పాపం కుర్రాడు రూల్ తప్పినాడు, నౌక ఇక్కడే ఉంది అని. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటినాక వైజాగ్ ముంగిట్లోనే ఘాజీ మునిగింది. మన డెప్త్ ఛార్జీలకా (నీళ్ల కింద పేలే బాంబులు), వాళ్ల మైన్లకేనా అని ఇప్పటికీ వాదనలు నడుస్తానే ఉంటాయి, దాంట్లోకి నేను పోను. కానీ వైజాగ్ దాకా వచ్చింది మాత్రం నిజం.

మదనపల్లె_టొమాటో

అమ్మకు సీరియస్ 😂 మా మామ హాస్టల్ నుంచి ప్రతి సంక్రాంతికీ అదే టెలిగ్రాం తెప్పించుకునేవాడంట, మా అవ్వ అట్ల నాలుగుసార్లు సీరియస్ అయి ఇప్పటికీ దిట్టంగా ఉంది.

తంతి_తపాలా

అందరికీ, వర్జీనియా నుంచి రాస్తా ఉండా. ఆలస్యానికి ఏమనుకోవద్దండి, ఇక్కడికొచ్చినాక పగలు నిద్ర, రాత్రి మెలకువ.

నేవీ తమ్ముడూ, నీ కథ మూడుసార్లు చదివినా. మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఎన్ని వేలు కొట్టి ఉంటానో ఈ చేత్తో. అందులో సగం అబద్ధాలని మాకూ తెలుసు, కౌంటర్లో ఫారం ఇచ్చేటోడి మొహం చూస్తేనే తెలిసిపోతుంది, నిజంగా సీరియస్ అయినోడు చిల్లర లెక్కపెట్టుకోడు. అయినా మా పని కొట్టడమే గదా, అడగడం కాదు. ఒకసారి ఒక పిల్లోడు వాళ్ల నాన్న పేరు మీద, వాళ్ల నాన్నే కౌంటర్ దగ్గర నిలబడి ఉండగా... సర్లే, అది ఇంకోసారి.

మ్యూజియం పోయినాం, మంగళవారం, జనం తక్కువ. టికెట్ దగ్గర రూపాయల్లోకి మార్చొద్దని మనవడు నా ఫోన్ లాక్కున్నాడు. మోకాళ్లు రెండున్నర గంటలు తట్టుకున్నాయి. సూట్‌కేసు రేడియో ముందర నేను కదల్లేదు. ఆ కీ చూడండి, మా కీ లాంటిదే, చిన్నది. అద్దం పక్కన కమ్మీ మీద వేలితో నా పేరు కొట్టినా, పిల్లోడు ఏంది తాతా అంటే వాడి పేరు కూడా కొట్టి చూపించినా, ఇప్పుడు రోజూ అన్నం తినేటప్పుడు చెంచాతో పళ్లెం మీద ఒకటే మోత, కూతురు నన్ను తిడతా ఉంది. గొడ్డలి, గొడుగు చూసినాం, చూసి వచ్చేసినాం.

బ్యాడ్జి ఆటలో మా ఆవిడ ఫెయిల్. ఆమెకు ఏదో పొడుగాటి పరదేశం పేరు ఇచ్చినారు, మిషను అడిగితే అది నొక్కదు, నా పేరు ఉండగా ఇంకోరి పేరు ఎందుకు చెప్పాల అంటుంది. నేనూ మనవడూ పాస్.

మాస్టారూ, నూర్ గురించి అల్లుడికీ కూతురికీ నేనే చెప్పినా, కారులో, వచ్చేదారంతా. హైదర్ అలీ పెట్టె కథ కూడా. చిత్తూరులో పుట్టి పెరిగిన నా కూతురికి ఆ పేట పేరే తెలియదంట.

ఫోర్ట్ మీడ్ లాడ్జి మ్యూజియానికి ఎల్లుండి పోతా ఉండాం. అల్లుడు లీవు పెట్టినాడు. ఆఫీసులో ఏం కారణం చెప్పినాడో నేను అడగలేదు.